చేతికి తెలిసింది నోటికి రాలేదు: ఒక హిట్టింగ్ కోచ్ మొదటి సీజన్

చాలా ఏళ్లు ప్రొఫెషనల్‌గా ఆడి రిటైరైన ఒక బేస్‌బాల్ హిట్టర్, కొన్నేళ్ల విరామం తర్వాత హిట్టింగ్ కోచ్‌గా మైనర్ లీగ్స్‌కి, అంటే మేజర్ లీగ్ జట్లకు ఆటగాళ్లను తయారుచేసే కింది స్థాయి పోటీలకి, తిరిగొచ్చారు. మొదటి ఆరు వారాల్లో, ఎంతో మంచి మనసుతో, పొద్దుగుంకేదాకా కష్టపడి, ముగ్గురు కుర్రాళ్ల ఆట పాడయ్యేలా చేశారు. ఆ తర్వాత ఇద్దరిని ఆయనే నిలబెట్టారు. మాలాగా కోచ్‌లను తయారుచేసే పనిలో ఉన్నవాళ్లకు ఈ రెండు భాగాలూ అవసరమే కాబట్టి వివరంగా రాస్తున్నాం. ఆయన పేరు, జట్టు, ఊరు, సంవత్సరం ఇక్కడ ఉండవు. ఆయన్ని కోచ్ అనే అంటాం. ఆటగాళ్లను వాళ్లు మైదానంలో నిలబడే స్థానాన్ని బట్టి పిలుస్తాం.

నేపథ్యం

క్రికెట్‌కి అలవాటుపడిన కంటికి బేస్‌బాల్ హిట్టింగ్ తేలిగ్గా కనిపిస్తుంది. బంతి నేలను తాకదు, అన్నీ ఫుల్ టాస్‌లే కదా అనిపిస్తుంది. కొలతలు చూస్తే సంగతి తెలుస్తుంది. పిచ్చర్ (బంతి విసిరేవాడు) కాలు ఆనించే పలక నుంచి, హిట్టర్ పక్కన నేల మీదుండే హోమ్ ప్లేట్‌కి 60 అడుగుల 6 అంగుళాలు. పిచ్చర్ ముందుకు పెద్ద అడుగు వేసి వదులుతాడు కాబట్టి బంతి నిజంగా ప్రయాణించేది 54, 55 అడుగులే. గంటకు 95 మైళ్ల ఫాస్ట్‌బాల్ ఆ దూరాన్ని సుమారు 0.4 సెకనులో దాటుతుంది. స్వింగ్ మొదలై బ్యాట్ బంతిని తాకడానికి దాదాపు 0.15 సెకను పోతుంది. చూడటానికీ, ఏ బంతో పోల్చుకోవడానికీ, కొట్టాలా వదలాలా తేల్చుకోవడానికీ మిగిలేది పావు సెకను. పైగా క్రికెట్ బ్యాట్‌కి చదునైన ముఖం, 4.25 అంగుళాల వరకు వెడల్పు ఉంటాయి. బేస్‌బాల్ బ్యాట్ గుండ్రం, ఎంత లావైనా 2.61 అంగుళాల వ్యాసం దాటకూడదు. బంతి వ్యాసం 2.9 అంగుళాలు. గుండ్రటి కర్రతో గుండ్రటి బంతిని నడిమధ్యన తాకించాలి.

పావు సెకనులో మాటలతో ఆలోచించడం కుదరదు. అందుకే ఏళ్ల తరబడి ఆడిన హిట్టర్‌కి తెలిసిన విద్య అంతా మాట కంటే కింద, ఒంట్లో దిగిపోయి ఉంటుంది. ఈ కేసుకి మూలం అదే.

ఆడిన రికార్డుని బట్టి కోచ్‌ని అంచనా వేయలేమని ఈ ఆట చరిత్రే చెబుతుంది. హిట్టింగ్ కోచ్‌ల్లో బాగా పేరు మోసిన చార్లీ లౌ కెరీర్ సగటు .255 మాత్రమే, అంటే లెక్కలోకి వచ్చే ప్రతి వెయ్యి ప్రయత్నాల్లో 255 హిట్లు. ఆయన శిష్యుడు జార్జ్ బ్రెట్ .305తో హాల్ ఆఫ్ ఫేమ్‌కి వెళ్లాడు. అదే బ్రెట్ 2013 మే 30న కాన్సాస్ సిటీ రాయల్స్‌కి తాత్కాలిక హిట్టింగ్ కోచ్‌గా వచ్చి, జులై 25కల్లా ఆ పని వదిలి ఆఫీసు బాధ్యతలకు తిరిగి వెళ్లిపోయాడు. మరోవైపు 2001లో రిటైరైన మార్క్ మెగ్వైర్ 2010లో సెయింట్ లూయిస్ కార్డినల్స్‌కి హిట్టింగ్ కోచ్‌గా తిరిగొచ్చి కుదురుకున్నాడు. మరుసటి ఏడాదే ఆ జట్టు వరల్డ్ సిరీస్ గెలిచింది. మన దగ్గర చూసినా, హైదరాబాద్ తరఫున రంజీ ఆడి భారత జట్టుకి ఒక్క మ్యాచ్ కూడా ఆడని ఆర్. శ్రీధర్, అదే భారత జట్టుకి 2014 నుంచి 2021 వరకు ఫీల్డింగ్ కోచ్‌గా ఉన్నారు. ఆడటం ఒక పని, నేర్పడం ఇంకో పని.

మన కోచ్ ఆడే రోజుల్లో తక్కువ స్ట్రైకౌట్లకు (మూడు స్ట్రైకులు పడి ఔటవడం) పేరున్న హిట్టర్. బలం మామూలే. బంతిని బ్యాట్‌తో అందుకోవడంలో, పిచ్చర్ మనసు చదవడంలో మాత్రం దిట్ట. మేజర్ లీగ్ మైదానాలన్నిట్లో బంతినీ ఆటగాళ్లనూ కొలిచే స్టాట్‌కాస్ట్ కెమెరాలు వచ్చిన 2015కి ముందే ఆట మానేశారు. 2008లో మేజర్ లీగ్స్‌లో సగటు ఫాస్ట్‌బాల్ 92 మైళ్ల లోపే ఉండేది, ఇప్పుడది 94 దాటింది. ఆయన వదిలి వెళ్లిన ఆట, తిరిగొచ్చిన ఆట ఒకటి కావు. మధ్యలో సొంత ఊళ్లో బడిపిల్లలకు నేర్పారు తప్ప ప్రొఫెషనల్ హిట్టర్లతో పనిచేయలేదు.

ఆయనకి అప్పగించింది హై-ఏ జట్టు, మేజర్ లీగ్స్‌కి మూడు మెట్ల కిందది. 20 నుంచి 23 ఏళ్ల కుర్రాళ్లు, 132 మ్యాచ్‌ల సీజన్. మంగళవారం నుంచి ఆదివారం దాకా ఒకే ప్రత్యర్థితో ఆరు మ్యాచ్‌లు, సోమవారం సెలవు. హిట్టర్లలో సగం మంది స్పానిష్ మాట్లాడేవాళ్లు. ఒక సహాయకుడు ఉన్నాడు. అతను ప్రొఫెషనల్‌గా ఆడలేదు, డేటా చూస్తాడు.

మా దగ్గరికి వచ్చిన సమస్య

ఆరో వారంలో కోచే స్వయంగా అడిగారు. ఆయన మాటల్లోనే: "నేను చెప్పేది వింటున్నారు. చెప్పినట్టే చేస్తున్నారు. అయినా పాడవుతున్నారు."

మాట వినకపోతే అది క్రమశిక్షణ సమస్య. విన్నా చేయలేకపోతే శరీరం సమస్య. విని, చేసి, పాడైతే సమస్య చెప్పిన మాటలోనే ఉండాలి. దీన్ని మొదటిరోజే ఈ వరుసలో ఆలోచించి ఉంటే ఒక నెల మిగిలేది.

అప్పటికి కనిపించినవి ఇవి. షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడేవాడు) కుడిచేతి హిట్టర్. సీజన్ మొదట్లో లైన్ డ్రైవ్‌లు (గట్టిగా, తక్కువ ఎత్తులో నేరుగా దూసుకెళ్లే బంతులు) కొట్టినవాడు ఇప్పుడు వరసగా నేలబంతులు కొడుతున్నాడు. కోచ్ అతనికి ఇచ్చిన మాట "చేతుల్ని నేరుగా బంతి మీదికి, కిందికి దించు". టీని (బంతిని నిలిపి కొట్టే స్టాండ్‌ని) ఛాతీ ఎత్తులో పెట్టి, పైనుంచి నరికినట్టు రోజుకు 60 బంతులు కొట్టించారు. సెంటర్ ఫీల్డర్ వేగంగా పరిగెత్తే కుర్రాడు. అతన్ని బ్యాట్ రెండంగుళాలు పైకి పట్టుకుని ఎదురు దిక్కుకి నెట్టమన్నారు. కోచ్ తన జీవితమంతా చేసింది అదే. కుర్రాడి బ్యాట్ స్పీడ్ పడిపోయింది. ఫస్ట్ బేస్‌మన్ స్ట్రైక్ జోన్ (కొట్టదగ్గ బంతులు వచ్చే పరిధి) బయటికి, కిందికి పడే స్లైడర్ల (చివర్లో పక్కకి తిరిగే బంతుల) వెంట పడుతున్నాడు. అతనికి దొరికిన సలహా "దాన్ని కొట్టకు". హిట్టర్ల సమావేశం రోజూ 25 నిమిషాలు సాగేది. కుర్రాళ్లు ఒక్కొక్కరే సహాయకుడున్న కేజ్ (వలలు కట్టిన సాధన గది) వైపు జరగడం మొదలైంది. కోచ్‌ని ఎక్కువ బాధపెట్టింది అదే.

ముందు చేసినవి, ఎందుకు పనిచేయలేదు

మొదట మేము తప్పు చోట వెతికాం. ఆయనకి పరికరాలు రావు. బ్యాట్ పిడి చివర గుండుకి తొడిగే సెన్సర్‌ని అంతకుముందు ఎప్పుడూ వాడలేదు. కళ్లకి కనిపిస్తున్న లోటు అదే కాబట్టి కారణం కూడా అదే అనుకున్నాం. రెండు సోమవారాలు, ఒక ఉదయం పెట్టి బ్యాట్ స్పీడ్, అటాక్ యాంగిల్, ఎగ్జిట్ వెలాసిటీ (బ్యాట్‌ని వదిలే బంతి వేగం), లాంచ్ యాంగిల్ (అది పైకి లేచే కోణం) అంటే ఏమిటో నేర్పాం. ఆయన బాగా నేర్చుకున్నారు. చదువు విషయంలో ఆయనకి ఏ అహమూ లేదు.

ఫలితం ఇంకా చెడింది. అటాక్ యాంగిల్ అంటే బంతిని తాకే క్షణంలో బ్యాట్ ఎంత పైకి లేదా కిందికి కదులుతోందో చెప్పే కోణం. పిచ్చర్ నిలబడే దిబ్బ 10 అంగుళాల ఎత్తు ఉంటుంది, దానికి తోడు గురుత్వాకర్షణ. కాబట్టి ఫాస్ట్‌బాల్ కూడా అయిదారు డిగ్రీలు వాలుతూ వస్తుంది, కర్వ్‌బాల్ అయితే ఇంకా ఎక్కువ. బ్యాట్ దానికి ఎదురుగా, కొద్దిగా పైకి లేస్తే బంతి దారిలో ఎక్కువసేపు ఉంటుంది. 1941లో .406 కొట్టిన టెడ్ విలియమ్స్ కూడా కొంచెం పైకి లేచే స్వింగ్‌నే సమర్థించాడు. షార్ట్‌స్టాప్ సెన్సర్‌లో ఈ కోణం సున్నాకి దగ్గరగా కనిపించింది. కోచ్ ఇప్పుడు "చేతులు కిందికి" మానేసి "నీకు 10 డిగ్రీలు కావాలి" అన్నారు. కుర్రాడు కేజ్‌లో, మెల్లగా వేసే బంతులకు, వెనక భుజం దించి 10 తెచ్చుకున్నాడు. రాత్రి మ్యాచ్‌లో ఛాతీ ఎత్తున వచ్చిన 95 మైళ్ల బంతి కింది నుంచి బ్యాట్ ఊరికే పోయింది.

ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే చాలామంది కోచ్‌లు పడే గుంట ఇదే. బ్యాట్ ఒక వంపులో కదులుతుంది: ముందు కిందికి దిగి, తర్వాత పైకి లేస్తుంది. బంతిని ప్లేట్‌కి బాగా ముందు తాకితే బ్యాట్ అప్పటికే లేస్తూ ఉంటుంది, కోణం ఎక్కువ వస్తుంది. ఆలస్యమై ఒంటికి దగ్గరగా తాకితే ఇంకా దిగుతూనే ఉంటుంది, కోణం సున్నా దగ్గరకో దాని కిందికో పోతుంది. అంటే అదే కుర్రాడు, అదే స్వింగ్, ఆలస్యం ఒక్కటే తేడా అయినా అంకె మారిపోతుంది. షార్ట్‌స్టాప్ రోగం స్వింగ్ ఆకారంలో లేదు. అతను ఆలస్యంగా ఉన్నాడు, అంతే. ఆ అంకె జ్వరం లాంటిది. దాన్నే రోగం అనుకుని మందు వేశాం.

రెండో ప్రయత్నం మౌనం. పది రోజులు కేజ్‌లో స్వింగ్ గురించి ఏమీ చెప్పవద్దు, చూడండి చాలు అన్నాం. ముందు పరీక్షించాలి, తర్వాతే మాట్లాడాలి అన్నది మా ఉద్దేశం. అది సరైనదే, అమలు సరిగ్గా లేదు. చేతులు కట్టుకుని మాట్లాడకుండా నిలబడ్డ పెద్ద ఆటగాడిని చూసి కుర్రాళ్లు ఆయనకి కోపమొచ్చిందనుకున్నారు. సెంటర్ ఫీల్డర్ అయితే తనని వదిలించుకునే ఆలోచనలో ఉన్నారేమోనని సహాయకుడిని అడిగాడు. నాలుగో రోజే ఆపేశాం. మనిషికి మౌనం అప్పగిస్తే, ఆ మౌనంలో చేయడానికి ఒక పని కూడా అప్పగించాలి. జేబులో పట్టే నోటుబుక్ ఇచ్చి మూడు గడులు గీయించాం: ఏ బంతి వచ్చింది, కుర్రాడు ఏం చేశాడు, అతన్ని ఏం అడగాలి. "ఏం చెప్పాలి" అన్న గడి కావాలనే పెట్టలేదు.

దారి మారిన రోజు

ఆయన ఆడే కాలపు వీడియోల్లో ఒకటి పక్క నుంచి తీసింది దొరికింది. పద్నాలుగు సెకన్ల క్లిప్. ముందుగా కాగితం మీద, మీ స్వింగ్‌లో బ్యాట్ ఎలా వెళ్తుందో గీత గీయండి అన్నాం. భుజం నుంచి బంతి దాకా గొడ్డలి దిగినట్టు ఏటవాలు గీత ఒకటి గీశారు. సందేహం లేకుండా, చకచకా.

తర్వాత క్లిప్‌ని ఒక్కో ఫ్రేమ్ చొప్పున నడిపాం. బ్యాట్ తల భుజం వెనక నుంచి దిగింది, ప్లేట్ రాకముందే అడుగుకి చేరింది, అక్కడి నుంచి పైకి లేస్తూ బంతిని తాకింది. ఆయన వెనక్కి నడపమన్నారు. మళ్లీ చూశారు. నాలుగోసారి చూస్తూ, తెలియకుండానే ఎడమ చెయ్యి వెనక భుజం మీద వేసుకున్నారు. "నాకు ఈ భుజం పడిపోయేది. కుర్రతనం నుంచీ. పడకుండా ఉండటానికి కిందికి, కిందికి అని నాకు నేనే చెప్పుకునేవాణ్ని" అన్నారు.

కేసు మొత్తం ఆ మాటలో ఉంది. "కిందికి" అనేది ఆయన కదలికకి వర్ణన కాదు, తన జబ్బుకి తను వాడుకున్న మందు. భుజం పడే మనిషి కిందికి అనుకుంటే సమంగా వస్తాడు. భుజం పడని షార్ట్‌స్టాప్ అదే అనుకుంటే నిజంగానే కిందికి నరుకుతాడు. ఇరవై ఏళ్లు పనిచేసిన మందు కాబట్టి అది అందరి మందు అని ఆయన నమ్మారు. అబద్ధం చెప్పలేదు, తను పొందిన అనుభూతిని నిజాయితీగా చెప్పారు. సెంటర్ ఫీల్డర్‌కి ఇచ్చిన సలహా కూడా ఇదే జాతిది: తన బలహీనతకి తను కనిపెట్టుకున్న ఉపాయం.

అమెరికాలో పిల్లల్ని లిటిల్ లీగ్‌లో, ట్రావెల్ జట్లలో చేర్చి, మాజీ ఆటగాళ్ల దగ్గర గంట లెక్కన పాఠాలు చెప్పిస్తున్న మన తెలుగు తల్లిదండ్రులకు ఒక మాట. ఆయన ఎక్కడ ఆడారని అడగడంతో ఆగవద్దు. మా పిల్లాడిలో మీకు ఏం కనిపించింది, ఎలా పోల్చారు అని అడగండి. జవాబులో పిల్లాడు ఉన్నాడా, ఆయనే ఉన్నారా అన్నది రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది.

పనిచేసినవి

మొదట మార్చింది వెతికే వరుస. చూడటం, తేల్చుకోవడం, సమయం, కదలిక. ఈ నాలుగింటిలో ముందరి మూడూ బాగున్నాయని తేలాకే నాలుగోదాన్ని, అంటే స్వింగ్‌ని ముట్టుకోవాలి. పావు సెకను ఆటలో మొదటి మూడింట్లో వచ్చిన తప్పు కంటికి నాలుగోదానిలా కనిపిస్తుంది. దీనికోసం డగౌట్‌కి తిరిగొచ్చిన హిట్టర్‌ని మూడే ప్రశ్నలు అడగమన్నాం. ఏ బంతి కోసం చూస్తున్నావు? చేతి నుంచి వదిలినప్పుడు ఎలా కనిపించింది? ముందున్నావా, ఆలస్యమా? ఔటై వచ్చిన కుర్రాడిని వెంటనే అడగకూడదు. నీళ్లు తాగి కూర్చునేదాకా, కనీసం రెండు మూడు నిమిషాలు ఆగాలి.

మూడో ప్రశ్నకి జవాబు సరిచూసుకోవడానికి కోచ్‌కి ఒక పాత విద్య ఉంది. ఇన్నాళ్లూ ఆయన ఎవరికీ చెప్పలేదు, ఎందుకంటే అది అందరికీ తెలిసిందే అనుకున్నారు. ఫౌల్ బంతి (బ్యాట్‌కి తగిలి ఆట గీతల బయటికి పోయేది) ఎటు పోయిందో చూడటం. కుడిచేతి హిట్టర్ ఫౌల్ మొదటి బేస్ వైపు కొడితే ఆలస్యం. మూడో బేస్ వైపు గట్టిగా లాగితే తొందర. నేరుగా వెనక తెరకి తగిలితే సమయం సరిపోయింది, బ్యాట్ మాత్రం బంతికి కాస్త కింద పడింది. నోటుబుక్‌లో ఫౌల్ బంతులకు బాణం గుర్తులు పెట్టించాం. తొమ్మిది రోజుల తర్వాత షార్ట్‌స్టాప్ పేజీలో ఫాస్ట్‌బాల్ ఫౌళ్ల బాణాలు దాదాపు అన్నీ మొదటి బేస్ వైపే ఉన్నాయి. సెన్సర్ సగం చెప్పిన కథని పెన్సిల్ పూర్తిచేసింది. ఆ పేజీ చూపించినప్పుడు ఎవరూ ఏమీ వివరించాల్సిన పని లేకపోయింది. కుర్రాడే "టార్డే" అన్నాడు, స్పానిష్‌లో ఆలస్యం అని. ఆ తర్వాత కోచ్ ఆ మాటనీ, తొందర అనడానికి "టెంప్రానో"నీ నోటికి ఎక్కించుకున్నారు. దుభాషి వచ్చేదాకా ఆగాల్సిన అవసరం తప్పింది.

రెండోది సాధన. మ్యాచ్‌కి ముందు కోచ్‌లు 40 అడుగుల నుంచి 55 మైళ్ల వేగంతో వేసే బంతి అర సెకనులో చేరుతుంది. మ్యాచ్‌లో 75 మైళ్ల పిచ్ ఇచ్చే సమయం అంత. రోజూ 75కి సమయం కుదుర్చుకుని, రాత్రి 95కి ఆలస్యమయ్యాడంటే ఆశ్చర్యం లేదు. బంతులు విసిరే మెషీన్‌ని 40 అడుగుల దూరంలో పెట్టి 68 నుంచి 70 మైళ్లకు తిప్పితే 0.4 సెకను వస్తుంది, 95తో సమానం. షార్ట్‌స్టాప్‌కి ఇలా నడిపాం: ఆరు బంతుల వరస, తర్వాత మూడు నిమిషాల విశ్రాంతి, మొత్తం నాలుగు వరసలు. 24 స్వింగ్‌లు దాటకూడదు. అలసిన శరీరం ఆలస్యాన్నే సాధన చేస్తుంది. వారానికి మూడు రోజులు, వరసగా రెండు రోజులు వద్దు.

మెషీన్ దగ్గర చెడేవి కొన్ని ఉన్నాయి. బంతి అందించే మనిషి ఒకసారి త్వరగా, ఒకసారి నిదానంగా వేస్తే హిట్టర్‌కి సమయం కట్టుకునే ఆధారం ఉండదు. బంతిని చూపించి, చెయ్యి పైకెత్తి, ప్రతిసారీ ఒకే లయలో దించి వేయాలి. కుట్లు అరిగిన బంతినీ కొత్త బంతినీ కలిపి వేస్తే చక్రాలు వాటిని వేర్వేరుగా పట్టుకుంటాయి, బంతి తల వైపు కూడా రావచ్చు. అందుకే మెషీన్‌కి విడిగా ఒక బుట్ట, అన్నీ ఒకే రకం. హెల్మెట్ లేకుండా ఎవరూ నిలబడకూడదు. మొదటి రెండు రోజులు కుర్రాడు సగం బంతులు తప్పుతాడు. ఆ సంగతి ముందే చెప్పకపోతే మూడో రోజు రాడు.

మూడో వారం నుంచి బంతుల్ని కలిపాం. 1994లో కాలేజీ హిట్టర్ల మీద జరిగిన ఒక అధ్యయనం ఈ రంగంలో చాలామందికి తెలుసు. ఫాస్ట్‌బాల్, కర్వ్, చేంజప్ (ఫాస్ట్‌బాల్‌లా కనిపిస్తూ నిదానంగా వచ్చే బంతి) పదిహేనేసి చొప్పున అదనపు సాధన ఇచ్చి, ఒక గుంపుకి రకం తర్వాత రకం వరసగా, ఇంకో గుంపుకి కలిపి వేశారు. ఆరు వారాల తర్వాత కలిపి ఆడినవాళ్ల మెరుగుదల 57 శాతం, వరసగా ఆడినవాళ్లది 25 శాతం, అదనపు సాధన లేనివాళ్లది 6 శాతం. చిక్కేమిటంటే కలిపిన సాధన చేసేటప్పుడు ఆట అసహ్యంగా కనిపిస్తుంది. కేజ్‌లో అందంగా కొట్టి, ధైర్యం తెచ్చుకుని మైదానంలోకి వెళ్లడం కోచ్ కాలపు అలవాటు. ఆ అవసరాన్ని కొట్టిపారేయలేదు. కలిపిన వరసలు మధ్యాహ్నం పెట్టి, మ్యాచ్‌కి ముందు పది తేలిక బంతులు అలాగే ఉంచాం.

మూడోది మాట. మోచెయ్యి, తుంటి, మణికట్టు అని శరీర భాగాల మీదికి ధ్యాస పంపే మాటల కంటే, బయటి గురి మీదికి పంపే మాటలే కదలికని బాగా నడిపిస్తాయని గాబ్రియేల్ వుల్ఫ్ 1990ల చివరి నుంచి చేసిన పరిశోధనలు చెబుతున్నాయి. కోచ్ పదజాలంలో ఉన్న ఒంటి మాటల జాబితా రాయించి, ఒక్కోదానికి ఎదురుగా బయటి గురి పెట్టించాం. షార్ట్‌స్టాప్‌కి "చేతులు" పోయి "సెకండ్ బేస్ వెనక గడ్డి అంచు మీదుగా" వచ్చింది. సెంటర్ ఫీల్డర్‌కి అసలు ఏ మాటా ఇవ్వలేదు. బ్యాట్‌ని అతను పట్టుకునే పద్ధతిలో పట్టుకోనిచ్చాం, బ్యాట్ స్పీడ్ రెండు వారాల్లో పాత చోటికి వచ్చింది. "నేను చెప్పింది తప్పు, వదిలెయ్" అని కోచ్ అతనితో నేరుగా అన్నారు. ఆ కుర్రాడు మళ్లీ కోచ్ కేజ్‌కి రావడానికి అసలు కారణం ఆ మాటేనని మా నమ్మకం.

ఇక ఆయన నిజమైన సంపద: పిచ్చర్‌ని చదవడం. 25 నిమిషాల సమావేశంలో ఆయన పన్నెండు విషయాలు చెప్పేవారు, అన్నీ నిజాలే. హిట్టర్, తను నిలబడి కొట్టే పెట్టెలోకి పన్నెండు విషయాలు మోసుకెళ్లలేడు. ఏడు నిమిషాలకి కుదించాం. చేతి వెడల్పు కార్డు మీద రెండే గీతలు: ఈ రాత్రి పిచ్చర్ వెనకబడినప్పుడు, అంటే 2-0, 3-1లో (ముందు అంకె బాల్‌లు, తర్వాతది స్ట్రైకులు), దేన్ని నమ్ముకుంటాడు. రెండు స్ట్రైకులు పడ్డాక ఎక్కడికి పంపుతాడు. మిగతా పది విషయాలు డగౌట్‌లో, అవసరమైన కుర్రాడి పక్కన కూర్చుని, అవసరమైన ఇన్నింగ్స్‌లో చెప్పేవారు. సహాయకుడు అంకెలు తెచ్చేవాడు, వాటిల్లో ఏ రెండు కార్డు మీదికి ఎక్కాలో కోచ్ తేల్చేవారు. ఆ పని ఆయనంత బాగా చేసేవాళ్లు ఆ మైదానంలో ఇంకెవరూ లేరు. కుర్రాళ్లకి ఆ సంగతి త్వరగానే అర్థమైంది.

పనిచేయనిది

ఫస్ట్ బేస్‌మన్ విషయంలో ఫలితం రాలేదు. జట్టు పిచ్చర్లు బుల్‌పెన్‌లో (పిచ్చర్లు సాధన చేసే చోట) బంతులు వేసేటప్పుడు ప్లేట్ దగ్గర నిలబెట్టి, స్వింగ్ లేకుండా 20 బంతులు చూసి, బంతి ప్లేట్ చేరేలోపే బాల్ (జోన్ బయటిది), స్ట్రైక్ (జోన్ లోపలిది) అని పైకి చెప్పించాం. అక్కడ బాగా చెప్పేవాడు. మ్యాచ్‌లో మళ్లీ ఆ స్లైడర్ వెంటే పోయేవాడు. ఆగస్టులో కోచ్ అతని నిలబడే తీరు కూడా మారుద్దామన్నారు. అప్పటికే రెండు మార్పులు నడుస్తున్నాయి. మూడోది కలిపితే దేని ఫలితం ఏదో తెలియదు, పైగా కుర్రాడికి ఊపిరాడదు. ఆపేశాం. ఆ నిర్ణయం సరైనదే అని ఇప్పటికీ అనుకుంటున్నాం, అతని సీజన్‌ని మాత్రం అది కాపాడలేదు.

మా పద్ధతిలో మార్చుకున్నవి

తిరిగొచ్చే మాజీ ఆటగాళ్లకి ఇప్పుడు మొదటి వారంలో పరికరాలు చూపించడం లేదు. ముందు ఆయన స్వింగ్‌ని ఆయన చేతే కాగితం మీద గీయించి, తర్వాత వీడియో చూపిస్తాం. ఆయన ఎక్కువగా వాడే పది మాటలు రాయించి, ఒక్కోదాని పక్కన "ఇది నాలో ఏ తప్పుకి పుట్టింది" అని నింపమంటాం. పది గడుల్లో ఏడెనిమిది నిండుతాయి. సెన్సర్ మూడో వారంలో వస్తుంది, అప్పుడు కూడా ఆలస్యం, తొందర గుర్తులున్న పేజీతో కలిపే చదవాలి. మొదటి నెల ఒక్కో కుర్రాడికి ఒకే మార్పు. మొదలుపెట్టే రోజే, ఎన్ని రోజుల తర్వాత ఆపి చూడాలో తేదీ వేసుకోవాలి. మాజీ ఆటగాడికి అన్నిటికంటే కష్టమైన షరతు ఇదే, ఎందుకంటే తన మాట తప్పు కావచ్చని అందులో ముందే రాసి ఉంటుంది.

"కిందికి" అన్న మాటని ఆయన చేత మాన్పించలేదు, దానికి తగిన రోగి దొరికేదాకా దాచుకోమన్నాం. సీజన్ చివర్లో దొరికాడు. క్యాచర్‌కి వెనక భుజం పడిపోతోంది, తెరకి తగిలే ఫౌళ్లు, ఎత్తైన బంతికి ఉత్త స్వింగ్‌లు. కోచ్ ఆరు రోజులు నోటుబుక్ నింపారు, మూడు ప్రశ్నలు అడిగారు, సమయం సరిగ్గానే ఉందని తేల్చుకున్నారు. అప్పుడు టీని ఛాతీ ఎత్తుకి లేపి, "పిచ్చర్ కాళ్ల వైపు కిందికి కొట్టు" అన్నారు. రోజుకు 15 బంతులు, నాలుగు రోజులు. నాలుగో రాత్రి క్యాచర్ ఎత్తైన ఫాస్ట్‌బాల్‌ని లెఫ్ట్ సెంటర్ సందులోకి కొట్టి రెండో బేస్ మీద నిలబడ్డాడు. అయిదో రోజు కేజ్‌లో కోచ్ టీని నడుం ఎత్తుకి దించేశారు, ఆ మాట మళ్లీ ఎత్తలేదు.